ఈల ఆగిన ఛాతీ

ఈ ఉదయం నెబ్యులైజర్ మాస్కులోంచి తెల్లటి మందుపొగ బుస్సుమంటూ లేవగానే కాంతమ్మ గారు గుర్తొచ్చారు. అరకు కొండల్లో ఒక చిన్న ఆసుపత్రిలో ఆవిడ పెద్ద నర్సు, సాలూరు మనిషి. నేను అక్కడ నర్సుగా చేరిన మొదటి నెలలో, కాఫీ పళ్లు కోస్తూ ఆయాసంతో కూలబడిన బుద్రి అనే ఆమెను భర్త వీపు మీద మోసుకొచ్చాడు. ఆమె ఊపిరి ఈలలు వేస్తూ వరండా దాకా వినిపించింది. నేను మందు సిద్ధం చేస్తుండగా ఆ చప్పుడు ఆగిపోయింది.

"తగ్గిందేటి సిస్టరమ్మా?" అన్నాడు భర్త.

"తగ్గింది," అన్నాను ధీమాగా.

ఆ మాట విని కాంతమ్మ గారు పక్క గదిలోంచి పరుగున వచ్చారు. బుద్రి ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించి, రెండో కొస నా చెవుల్లో పెట్టారు. ఏమీ వినిపించలేదు. ఆమె కళ్లు మా వైపే చూస్తున్నాయి. లోపల గాలి మాత్రం కదలడం లేదు.

"తగ్గలేదే గుంటా, ఊపిరి గొట్టాలు బిగుసుకుపోయినాయి. ఈలెయ్యడానికైనా గాలుండాల కదా! బేగి మాస్కెట్టు, డాక్టరు గారిని పిలు."

ఆక్సిజన్‌తో కలిపి మందు పెట్టాం. డాక్టరు గారు ఇంజెక్షన్లు చేశారు. రెండో విడత మందు సగమయ్యేసరికి ఈల మళ్లీ మొదలైంది. నేను బెదిరిపోయాను, ఆవిడ ముఖం మాత్రం విప్పారింది. "ఇన్నావా? గొట్టాల సుట్టూ కండరం వదులవతంది. గాలి దూరతంది." కాసేపటికి బుద్రి మాట్లాడింది. నేను ఆక్సిజన్ తీయబోతే కాంతమ్మ గారు చెయ్యి పట్టుకున్నారు.

"ఏటి సేత్తన్నావు? ఈ మందు గొట్టాలనే కాదు, నెత్తురు నాళాలనీ ఎడల్పు సేత్తది. గాలి ఇంకా అందని సోటికీ నెత్తురు పోతది. నెత్తురులో ఆక్సిజన్ పడిపోవచ్చు. ఉండనీ."

సాయంత్రం ఇద్దరం చేతులు కడుక్కుంటున్నప్పుడు, ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నారని అడిగాను.

"నా కూతురి కాడ," అన్నారు. "ఏడేళ్ల గుంట. ఈల ఆగితే నిద్దరోయిందనుకున్నాను. దుప్పటి కప్పి వంటింట్లోకెళ్లాను. అప్పటికింకా నర్సుని కాను."

నేను కుళాయి కట్టేయడం మరిచి నిలబడిపోయాను. ఆవిడే కట్టేసి, బుద్రిని చూడడానికి వార్డులోకి వెళ్లారు.

ఆవిడ రిటైరైన తర్వాత ఆ వార్డు నా చేతికొచ్చింది. ఆయాసంతో వచ్చిన మనిషి ఉన్నట్టుండి నెమ్మదిస్తే ఇంటివాళ్లు నాకు దండం పెడతారు. తిరిగి దండం పెట్టకుండానే స్టెతస్కోపుతో ఛాతీ మీదకు వంగుతాను.