మా ఇంటి మాఘ విదియ

మా ముత్తాతగారు, తాతగారు, పెదనాన్నగారు ముగ్గురూ పేరున్న పండితులు. ముగ్గురూ వేరువేరు ఏళ్లలో మాఘ శుద్ధ విదియనాడే పోయారు. గోదావరి కాలవల పొడవునా ఈ సంగతి చెప్పుకోని అగ్రహారం లేదు. అదేదో బిరుదైనట్టు మావాళ్లూ పొంగిపోయేవారు. నాకు మాత్రం ఆ తిథి పేరు వింటేనే ఒళ్లు మండేది.

నేను ఇంకా కాపురానికి వెళ్లని రోజుల్లో, ఓ పుష్యమాసం చివర నాన్నగారికి జ్వరం తగిలింది. అప్పటికి ఆయన పేరు ఆ ముగ్గురినీ దాటింది. భయపడాల్సిందేమీ లేదన్నాడు వైద్యుడు. కానీ నాన్నగారు మందు మానేశారు.

"విదియ దగ్గర పడిందిగా, ఇంక మందెందుకే?" అన్నారు అమ్మతో. గంజి కూడా వద్దన్నారు.

రాజమహేంద్రవరం నుంచి శిష్యులు పడవ మాట్లాడుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నారు. "ఎంత పుణ్యాత్ములండీ," అనుకుంటున్నారు. మనిషి ఇంకా ఊపిరి పీలుస్తున్నాడన్న ఇంగితం ఒక్కరికీ లేదు. నాకు అన్నం సహించేది కాదు. మాటిమాటికీ వెళ్లి, ఆయన పొట్ట లేచి పడుతోందో లేదో చూసి వచ్చేదాన్ని.

జ్వరంలో ఆయనకు రోజుల లెక్క తప్పింది. పొద్దున్నే పురోహితుడు వచ్చి పంచాంగం చదివితేనే తిథి తెలిసేది. అది కనిపెట్టింది అమ్మ. వైద్యుడు వద్దన్నాడని శిష్యుల్ని లోపలికి రానివ్వలేదు. పాడ్యమినాడే విదియ అని చదవమని, తాతగారి తద్దినం కూడా ఆ రోజే పెట్టించమని పురోహితుణ్ణి బతిమాలింది.

"తిథి తప్పితే పెద్దలకు అందదమ్మా," అన్నాడాయన.

"వాళ్లకి పోయే ప్రాణం లేదు కదండీ," అంది అమ్మ.

పాడ్యమినాడు నాన్నగారికి బదులు చిన్నాన్నే తద్దినం పెట్టాడు. నాన్నగారు కళ్లు మూసుకుని రోజంతా ఎదురుచూశారు. పొద్దుగుంకింది, ఏమీ కాలేదు. మర్నాడు పురోహితుడు తదియ అని చదవగానే ఆయన మొహం చిన్నబోయింది. మధ్యాహ్నం దాటాక, "గంజి ఉందా?" అన్నారు చిరాగ్గా. అమ్మ వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. గంజి తాగారు, మందూ వేసుకున్నారు.

అసలు విదియ ఆ రోజే. ఆ పూట గడిస్తే చాలని మొక్కుకుంటున్నాను. సాయంత్రం జ్వరం దిగి చెమట పట్టింది, గాలి కావాలన్నారు. బుద్ధి లేక పడమటి కిటికీ తెరిచాను. ఎదురుగా కొబ్బరిచెట్ల మీద, గీత గీసినట్టు విదియనాటి నెలవంక. గభాలున తలుపు మూశాను. తిరిగి చూస్తే ఆయన గోడవైపు ఒత్తిగిలి ఉన్నారు. చూశారో లేదో తెలియలేదు. అడిగే ధైర్యం లేక మంచం పట్టె పట్టుకుని అలాగే కూర్చున్నాను.

తెల్లారింది. ఆయన ఉన్నారు. ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్లు ఉన్నారు.

నేను పురిటికి వచ్చిన ఏడు, తద్దినానికి విస్తర్లు తుడుస్తుంటే వెనక నుంచి అన్నారు: "ఆ ఏడు మా నాన్నగారికి ఒకరోజు ముందే అన్నం పెట్టించింది మీ అమ్మ."

నా చేతులు ఆగిపోయాయి. "కిటికీలోంచి చూశారా?"

"చూశానమ్మా. పోదామనే అనుకున్నాను. కానీ అప్పటికే మళ్లీ ఆకలేసింది."