అడవికి చెవిటి కాపలా

సిరిసిల్లలో పదిహేనేళ్ళు సాంచాల మీద గుడ్డ నేశాను. మరమగ్గాన్ని మా దిక్కు సాంచె అంటారు. కార్ఖానాలో అవన్నీ ఒక్కసారి ఆడుతుంటే పక్కన నిలబడి అరిచినా వినపడదు. అందుకని అక్కడ మేం మాటలను కళ్ళతోనే వినేవాళ్ళం, పెదాలు కదిలే తీరు చూసి. అట్లా చూసీ చూసీ, నా చెవులు ఎప్పుడు పని మానేశాయో నేనే గమనించలేదు.

గుడ్డకు గిరాకీ పడిపోయి కార్ఖానా మూతపడ్డాక, నా భార్య నన్ను తన తల్లిగారి ఊరికి తీసుకుపోయింది. బీర్పూర్ అవతల, అడవి అంచున ఊరు. రెండో ఏడు ఆమె జ్వరంతో జగిత్యాల ఆసుపత్రిలో పోయింది. ఇంట్లో నేనూ, మా అత్తమ్మా మిగిలాం. అత్త అల్లుడికి ఎదురుపడి మాట్లాడే పద్ధతి ఆ ఇంట్లో లేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, గోడ వైపు తిరిగి ఏదో అనేది. నా భార్య ఉన్నన్నాళ్ళు ఆ మాటలు నాకు చేరవేసింది. ఆమె పోయాక ఆ ఇంట్లో నాకు ఒక్క మాటా అందలేదు. పీట వేసి ఉంటే అన్నానికి రమ్మన్నట్టు, అంతే. చచ్చేంత ఒంటరిగా ఉండేది. అయినా చెవుడని ఎవరికీ చెప్పుకోలేదు. పౌరుషం ఒకటి ఏడ్చింది కదా.

అవి అడవిలో అన్నలు, అదే నక్సలైట్లు, తిరిగే రోజులు. వాళ్ళకు భయపడి అడవి ఆఫీసర్లు రోడ్డు దిగేవాళ్ళు కాదు. అందుకని అడవిని కాపాడే పని ఊళ్ళకే ఒప్పజెప్పారు. చెట్టు కొట్టకుండా, దుప్పులనూ నెమళ్ళనూ వేటాడకుండా చూసుకుంటే ఎండాకాలమంతా ఊరికి కూలి పని దొరుకుతుంది, కందకాలు తవ్వడం, మొక్కలకు గుంతలు తీయడం. కావలికి ఒక మనిషి, ఆ మనిషికి నెల జీతం. దీనికోసం ఊళ్ళో కమిటీ వేశారు. కమిటీ పెద్ద నా భార్యకు మేనమామ వరస. ఒకరోజు నన్ను పిలిపించాడు.

“ఈ ఊర్ల నీకు అన్నదమ్ములు లేరు, పాలోళ్ళు లేరు. నువ్వైతె ఎవల మొఖం జూడవు అల్లుడా. నువ్వే ఉండు,” అన్నాడు.

నేను పొంగిపోయాను. గొడ్డలి చప్పుడు వినాల్సిన పనికి నా చెవులేం పనికొస్తాయని అనుమానం రాకపోలేదు. కానీ ఊరు నన్ను నిజాయితీపరుడని నమ్మింది, నేను ఆ నమ్మకాన్ని పోగొట్టుకోదలచుకోలేదు. పొద్దున్నే కర్ర పట్టుకుని అడవిలోకి పోయేవాణ్ణి, పొద్దుగూకే ముందు వచ్చేవాణ్ణి. పోలీసులైనా, అన్నలైనా వెనక నుంచి “ఆగు” అంటే ఆగాలి. ఆగకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. అందుకని పది అడుగులకోసారి వెనక్కి తిరిగి చూసుకుంటూ నడిచేవాణ్ణి. మెడ పట్టేసేది. ఎవరైనా చూస్తే పిచ్చివాడనుకునేవాళ్ళు.

అడవిలో అందరికీ పిట్టల అరుపులుంటాయి. నాకేమీ లేవు. ఆకు కదిలితే గాలి వచ్చిందనుకోవాలి. కొన్నిసార్లు తునికి చెట్టు కింద కూర్చుని చనిపోయిన భార్యతో పైకే మాట్లాడేవాణ్ణి. నా గొంతు కూడా నాకు సరిగా వినపడేది కాదు.

అప్పుడప్పుడు పొదల వెనక, నరికిన చోటు తెల్లగా కనపడకుండా పేడ పూసిన మొద్దులు కనిపించేవి. పక్క ఊరి వాళ్ళ పనేనని కోపంతో ఊగిపోతూ కమిటీ పెద్దకు చెప్పేవాణ్ణి. ఆయన గంభీరంగా తల ఊపేవాడు.

కావలికి కుదిరిన మూడో ఏడు నాకు నెమళ్ళు దారి చూపించాయి. ఎక్కడో అలికిడైతే అవి మేత ఆపి, మెడలు నిక్కించి, ఆ దిక్కుకు వీపు పెట్టి పరుగెత్తుతాయి. మూడేళ్ళు వాటిని చూడడం తప్ప నాకు పనేముంది? ఆ రోజు అవి పరుగెత్తుకొచ్చిన వైపుకు నేను పరుగెత్తాను. నలుగురు ఆడవాళ్ళు నల్లమద్ది చెట్టును కొడుతున్నారు. నన్ను చూసి ముగ్గురు పారిపోయారు. గొడ్డలి చేతిలో ఉన్న మనిషి మాత్రం కదల్లేదు. మా అత్తమ్మ.

కొంగు నడుముకు బిగించి ఉంది. మొదటిసారి ఆమె ముఖం నాకెదురుగా ఉంది. పెదాలు కదిలాయి.

“నీకెట్ల యినవడ్డది?”

“నాకు వినపడదని నీకెవరు చెప్పిండ్రు?” అన్నాను.

“ఊరంతటికి ఎరికే. యినరాదనే కద నీకు గీ పని ఇచ్చిండ్రు. నేనే బతిలాడి ఇప్పిచ్చిన. కాగితం మీద కావలి మనిషి ఉండాలె, ఊళ్ళెకు కట్టె రావాలె. బిడ్డ పాయె. పని లేకుంటె నువ్వు గూడ పోతవని భయమైంది అల్లుడా.”

ఒక్క మాట కూడా తప్పిపోకుండా అర్థమైంది. నన్ను ఆ ఇంట్లో ఉంచుకోవాలని ఒక మనిషి అంత తాపత్రయపడిందని తెలిసిన క్షణమది. నాకు మాత్రం మొదటి సగమే తలకెక్కింది. మూడేళ్ళు ఊరంతా కలిసి నన్ను వెర్రివాణ్ణి చేసిందని ఒళ్ళు మండింది. ఆమె పిలుస్తూనే ఉందేమో, నేను వెనక్కి తిరిగి చూడలేదు. నేరుగా పోయి కమిటీ కూర్చున్న చోట నలుగురి ముందూ అత్తమ్మ సంగతి చెప్పేశాను.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆమెకు తప్పు కట్టి జరిమానా వేశారు. తర్వాత కమిటీ పెద్ద నా ముందుకొచ్చి, నాకు అందేలా నెమ్మదిగా, పెదాలు బాగా కదిలిస్తూ అన్నాడు: “నువ్వు మంచిగనే జేసినవ్ అల్లుడా. ఇగ రేపటి సంది వేరేటాయన పోతడు.”

పట్టుకోలేనని ఇచ్చిన పనిని, పట్టుకున్నానని తీసేశారు. వారం తిరగకముందే జగిత్యాల బస్సెక్కాను. సగం నరికిన ఆ నల్లమద్ది బతికిందో లేదో తెలియదు. అల్లుడు పోతాడేమోనని భయపడి, ఊరంతా తిరిగి బతిమాలిన ఆ ముసలిదాన్ని నలుగురి ముందు దొంగను చేసి, ఒంటరిగా వదిలేసి వచ్చింది నేనే.