నాలుగు కిలోల పొలం

వాంగ్ సువా పొలం నాలుగు కిలోల పొలం. మా రాళ్ళ సీమలో పొలాన్ని పొడవూ వెడల్పూ కొలిచి చెప్పే ఆచారం లేదు. కొలవడానికి అది ఒక్కచోట ఉంటే కదా. నల్లటి రాళ్ళ కోరల మధ్య ఇక్కడ చారెడు మట్టి, అక్కడ దోసెడు మట్టి. మట్టి ఉన్న ప్రతి గుంటకీ నాలుగైదు మొక్కజొన్న గింజలు. అలా కొండ కింద మొదలుపెట్టి పైకి చేరేసరికి సంచిలోంచి ఎన్ని కిలోలు ఖాళీ అయితే అన్ని కిలోల పొలం. సంబంధం మాట్లాడటానికి వచ్చినవాళ్ళు ముందు అడిగేది కూడా అదే, పిల్లవాడికి ఎన్ని కిలోలుందని. అయిదు కిలోలకి పైబడినవాడు మా లెక్కలో జమీందారు.

సువా పదిహేడో ఏట ఈ ఊరి కోడలుగా వచ్చినప్పుడు ఆమె మొగుడి వాటా రెండు కిలోలు. మిగతా రెండు కిలోలూ ఆమె మోసింది. మోసిందన్నది అలంకారం కాదు. ఏటా వానలకు కొండ మీది మట్టి జారి లోయ అడుగున చేరుతుంది. చలికాలంలో, వేరే పనులు లేని రోజుల్లో, ఆ మట్టిని వీపు గంపకెత్తుకుని మళ్ళీ కొండెక్కించడం మా ఆడవాళ్ళ విశ్రాంతి. ఖాళీ రాతిగుంట కనపడితే అంచున చిన్న రాళ్ళు పేర్చి గంప బోర్లిస్తే, ఆ ఏటి నుంచి అది పొలం. నలభై ఏళ్ళుగా వాన దించుతూనే ఉంది, సువా ఎక్కిస్తూనే ఉంది. ఇద్దరిలో ఎవరూ రాజీకి రాలేదు.

ఆమె మొగుడు మంచివాడు. వెదురు బూర వాయించడంలో చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. ఎవరింట్లో మనిషి పోయినా ప్రాణానికి దారి చూపడానికి ఆ బూర కావాలి గనక, మట్టి మోసే కాలంలో సరిగ్గా ఎక్కడినుంచో కబురొచ్చేది, అతను బూర భుజాన వేసుకుని వెళ్ళాల్సివచ్చేది. ఏడేళ్ళ క్రితం అతని కోసం వేరేవాళ్ళు వచ్చి వాయించారు. కూతుళ్ళిద్దరూ కనుమ అవతల కాపురాలు చేసుకుంటున్నారు. ఇప్పుడు ఇంట్లో సువా, ఒక ఆవు, మూడు మేకలు.

ఇంత సజావైన మనిషికీ ఒక వింత అలవాటుంది. ఆఫీసువాళ్ళు చెప్పింది చేస్తుంది.

వసంత పంట దిగుబడి పెంచే ప్రణాళికలు మా ఊరికి ఏటా కొత్త సంవత్సరం పండగ ముందు, పందిని కోసే రోజుల్లో వస్తాయి. అందుచేత వాటిని తెచ్చినవాళ్ళని మేం ఎన్నడూ ఆకలితో పంపలేదు. రెండేళ్ళ క్రితం వచ్చిన ప్రణాళిక కొత్త రకం విత్తనం గురించి. పాత తెల్ల గింజ మానెయ్యాలి, కొత్తవి గుంటకు నాలుగైదు కాదు, రెండే గింజలు వెయ్యాలి, అవి ఒకదాని నోటి కాడిది ఒకటి లాక్కోకుండా పెరుగుతాయి, పంట మూడో వంతు పెరుగుతుంది అని మండలం వ్యవసాయాధికారి ఖ్వెన్ వివరించింది. ఖ్వెన్ కింది లోయలో తాయ్ తెగవాళ్ళ పిల్ల. పిల్లంటే నలభై దాటిన పిల్ల. అక్కడ పొలాలు చదునుగా, అద్దాల్లా నీళ్ళతో ఉంటాయి. ఆమె మా భాషని కూడా అంతే చదునుగా మాట్లాడుతుంది. ఊరంతా విని, తలలూపి, ఎప్పటిలాగే గుంటకు అయిదు గింజలు వేశారు. రెండు వేసి ఊరుకుంటే నేల చిన్నబుచ్చుకుంటుందని పక్కింటి న్యే సిద్ధాంతం. సువా మాత్రం రెండే వేసింది. నాలుగు కిలోల పొలానికి కిలో ఎనిమిది వందల గ్రాములు సరిపోయింది, ఆఫీసులో ఆ మేరకే తీసుకుంది.

కోతల నాటికి న్యే పొలంలో మొక్కలు సంతరోజు బస్సెక్కిన జనంలా ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి. కంకి చూపుడు వేలంత. సువాకి ఎప్పుడూ పన్నెండు గంపలయ్యే పంట ఆ ఏడు పదహారయింది. ప్రణాళిక ఫలించింది. జిల్లా మొత్తంలో ఎన్నిచోట్ల ఫలించిందో తెలీదు గాని, మా ఊళ్ళో మాత్రం ఒకచోట ఫలించింది.

ఈ ఏడు ఇంకో ప్రణాళిక వచ్చింది. ఇది మొదటిదానికన్నా లోతుగా ఆలోచించి రాసినది. మరీ చిన్న పొలాల్లో మొక్కజొన్న గిట్టుబాటు కాదు గనక అక్కడ పశువుల గడ్డి వేయించాలి, మిగతావాటికి విత్తనం, ఎరువు ఇచ్చి పంట పెంచాలి అని జిల్లావాళ్ళు నిర్ణయించారు. ఏది చిన్న పొలం? రాళ్ళల్లో టేపు సాగదు. అందుకని, ప్రజల జ్ఞానాన్ని గౌరవించాలి గనక, మా కొలతనే తీసుకున్నారు. మూడు కిలోల విత్తనం లోపుది చిన్న పొలం. చాలా వినయమైన ఆలోచన. ఎవరికి ఎంత విత్తనం ఇచ్చామో పోయినేటి కాగితాల్లో చూసి జాబితా రాశారు.

మా ఊరి నుంచి అందులో మూడు పేర్లున్నాయి. ఒకరు పోయినేడు కాలం చేశారు. ఒకరు పట్నంలో బూట్ల ఫ్యాక్టరీకి వెళ్ళిపోయారు. మూడో పేరు సువా.

జాబితా చదివింది ఊరిపెద్ద వూ సిన్. అతను సువాకి స్వయానా మరిది. చదివి, కాగితాన్ని మడతపెట్టి, మళ్ళీ విప్పాడు, ఈలోగా అందులో ఏమైనా మారిందేమోనన్నట్టు.

"నాది నాలుగు కిలోలు కదా మరిదీ," అంది సువా.

"కాగితంలో కిలో ఎనిమిది వందలుంది వదినా."

"మిగతాది ఎటు పోయింది?"

"నువ్వు వెయ్యలేదుగా."

న్యే పొగాకు గొట్టం నోట్లోంచి తీసి, "ఎవరి మాటా వినకు వదినా అని నేను ఆనాడే మొత్తుకున్నాను. అదీ వినలేదు," అన్నాడు.

గడ్డి వేస్తే మునిగిపోయేదేం లేదని సిన్ నచ్చజెప్పబోయాడు. ఒక్క ఆవు నాలుగవుతుంది, కోసుకొచ్చి వెయ్యడమేగా అన్నాడు. సువా వింది. ఆ గడ్డి సంగతి ఆమెకి తెలుసు. ఒకసారి వేరు దిగితే అది రాతిగుంటని పిడికిట్లో బిగించుకుంటుంది. పెకలిస్తే మట్టంతా వేరుతోనే వచ్చేస్తుంది, గుంట మళ్ళీ రాయే. అదీగాక ఆమె రోజూ పొద్దున ఆవిరి మీద ఉడికించుకునేది మొక్కజొన్న పిండిని, గడ్డిని కాదు. ఇవేవీ ఆమె పైకి అనలేదు. "నలభై ఏళ్ళు మోసింది ఆవు కోసం కాదు సిన్," అని మాత్రం అని లేచి వెళ్ళిపోయింది. మరిదీ అని కాక పేరు పెట్టి పిలిచిందంటే మాట అయిపోయిందని అర్థం.

జాబితా జిల్లాకి వెళ్ళడానికి నాలుగు రోజుల గడువుంది. రెండో రోజున ఖ్వెన్ మోటారు సైకిలు మీద వచ్చింది. తన మాట విన్న మనిషి జిల్లాలో ఒకరున్నారని తెలిసి సంతోషించాలో, ఆ మనిషికి పట్టిన గతి చూసి సిగ్గుపడాలో ఆమె తేల్చుకోలేక పోతున్నట్టు ముఖమే చెబుతోంది. ముందుగా శాస్త్రీయంగా ప్రయత్నించింది. టేపు తీసి ఒక కొస సువాకి పట్టమని ఇచ్చింది. టేపు మొదటి రాయెక్కి, దిగి, రెండో రాయి చుట్టూ తిరిగి, మూడో రాయి సందులో ఇరుక్కుంది. దాన్ని విడిపించడానికి మేకని వెళ్ళగొట్టాల్సివచ్చింది. తర్వాత ఫోనులో పటం తెరిచింది. పటంలో ఆ కొండంతా బూడిదరంగులో ఉంది, పక్కన నిరుపయోగ శిలాభూమి అని రాసుంది. గుంటలెన్నో చెప్పగలవా పెద్దమ్మా అని అడిగితే సువా తడుముకోకుండా మూడు వేలకి ఎనిమిది తక్కువ అంది. ఖ్వెన్ ఫోనులోనే ఏవో గుణకారాలు చేసి, వచ్చిన అంకె చూసి చెరిపేసింది. చదును నేల లెక్కన అది వాళ్ళ లోయలో నారుమడికి చాలేంత అని తర్వాత ఎప్పుడో సిన్‌తో చెప్పిందట.

ఇంత కొలత జరుగుతుంటే సువా ఖాళీగా లేదు. మాట్లాడుతూనే లోయ అడుగున గంప నింపుకుంది. పెద్దావిడ మోస్తుంటే చేతులూపుకుంటూ వెనక నడవడం బాగుండదని ఖ్వెన్ కూడా ఒక గంప అడిగి తీసుకుంది. మొదటి మలుపు దాకా పంట ప్రణాళికల ఆవశ్యకత గురించి మాట్లాడింది. రెండో మలుపు దగ్గర మాటలు మానేసింది. మూడో మలుపు దగ్గర ఒక రాయి చూసి, మర్యాదగా, తానే అనుకుని కూర్చున్నట్టు కూర్చుంది.

కాసేపటికి గొంతు తిరిగొచ్చాక, "ఈ గంప ఎన్ని గుంటలకొస్తుంది?" అని అడిగింది.

"లోతుదైతే సగానికొస్తుంది," అంది సువా.

ఖ్వెన్ గంప దించింది. చేతులకు పని కావాలి గనక సంచిలోంచి ఫారం తీసి మొదటినుంచి చదవసాగింది. తానే ఊరూరా పంచిన ఫారాన్ని ఆమె పూర్తిగా చదవడం అదే మొదటిసారి అనుకుంటాను. నాలుగో గడి దగ్గర ఆగింది. పొలంలో ఒక పంటకాలానికి వేసే మొత్తం విత్తనం, కిలోల్లో అని ఉంది అక్కడ. మొక్కజొన్న అన్న మాట లేదు.

"ఈ గుంటల్లో మొక్కజొన్న ఒక్కటేనా నువ్వు వేసేది?"

"అదెలా కుదురుతుంది? చిక్కుడు పాకడానికి ఏదో ఒకటి కావాలిగా. అంచుల్లో గుమ్మడి. సందుల్లో ఆవకూర."

"మరి ఇన్నాళ్ళూ లెక్కలో ఎందుకు చెప్పలేదు?"

సువా ఆమె వంక జాలిగా చూసింది. చిక్కుడు ఎక్కడైనా పొలం లెక్కలోకి వస్తుందా? ఇంటికొచ్చిన చుట్టాల్ని జనాభా లెక్కలో రాయించుకున్నట్టుంటుంది.

మర్నాడు సిన్ ఇంటి ముందు తూకం పెట్టారు. ఈ వసంతానికి సువా సిద్ధం చేసుకున్న విత్తనమంతా మూటలుగా తెచ్చి అరుగు మీద పెట్టింది. గ్రాములు చూపించే త్రాసు ఊళ్ళో ఒక్క న్యే దగ్గరే ఉంది, అతను పుదీనా పూల తేనె అమ్మేది దానితోనే. తేనె తూచేటప్పుడు ఆ త్రాసు ఎటు మొగ్గుతుందో అందరికీ తెలుసు గనక, ఈ పూట అది సువా వైపు మొగ్గుతుందని ఎవరూ ఆశపెట్టుకోలేదు. న్యే స్వయంగా పళ్ళేలు తుడిచి, న్యాయాధిపతిలా నిలబడ్డాడు.

మొక్కజొన్న కిలో ఎనిమిది వందలు. చిక్కుడు ఎనిమిది వందల యాభై. గుమ్మడి గింజలు నూరు. ఆవాలు నూట ఇరవై. సిన్ వేళ్ళ మీద కూడాడు. ఖ్వెన్ ఫోను మీద కూడింది. ఇద్దరికీ ఒకటే వచ్చింది, రెండు కిలోల ఎనిమిది వందల డెబ్భై.

అరుగు చుట్టూ ఉన్న జనం ఏదో ఒకటి అనాలి గనక దగ్గారు. మూడని రాసేస్తే పోలేదా అన్నట్టు సిన్ ఖ్వెన్ వంక చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. పైవాళ్ళు వచ్చి మళ్ళీ తూచే హక్కుంది, అప్పుడు పోయేది వట్టి జాబితా కాదు, పెద్దమ్మ మాట కూడా అంది.

సువా మూటల వంక చూస్తూ నిలబడింది. తర్వాత వెనక్కి తిరిగి ఇంటికి నడిచింది. ఆ నడక చూసి అలిగి వెళ్ళిపోయిందనే అందరూ అనుకున్నారు. తిరిగొచ్చినప్పుడు చేతిలో నీలిమందు అద్దిన చిన్న జనపనార సంచి ఉంది. దాన్ని త్రాసు పక్కన పెట్టి, ఖ్వెన్ వంక కాకుండా నేల వంక చూస్తూ చెప్పింది.

"పాత తెల్ల గింజ. వెయ్యొద్దన్నావు. నేనూ వెయ్యనన్నాను. ఎలుకలు తవ్వి తినేసిన గుంటల్లో మాత్రం వేస్తున్నాను. రెండేళ్ళనుంచీ."

"ఎందుకు పెద్దమ్మా? కొత్త విత్తనం మిగుల్చుకుని వెయ్యొచ్చుగా."

"ఆయన కొత్తది తినడు."

ఎవరని ఖ్వెన్ అడగబోయింది. సిన్ చిన్నగా దగ్గి, లోపలి గోడ మీద పోయిన పెద్దల పేర కోడి ఈకలు అంటించిన కాగితం వైపు కళ్ళతో చూపించాడు. పండగకి ముందుగా వాళ్ళకి పెట్టాకే మేం తినేది. కొత్త రకం పిండి పసుపుగా ఉంటుంది, అన్నగారి ముందు అది పెడితే బాగుండదని సిన్ కూడా ఒప్పుకున్నాడు. అతనింట్లో మాత్రం రెండేళ్ళుగా పసుపుదే పెడుతున్న సంగతి అప్పుడే అందరికీ గుర్తొచ్చింది.

ఊరందరిలోకీ చెప్పిన మాట వినే మనిషి అందరి ముందూ తలవంచుకుని నిలబడటం చూసి ఎవరికీ నవ్వు రాలేదు. న్యే సంచి అందుకుని పళ్ళెంలో పోశాడు. నాలుగు వందల గ్రాములు. మొత్తం మూడు కిలోల రెండు వందల డెబ్భై. అతను ముల్లు నిలిచేదాకా ఆగి, అందరికీ చూపించి, అప్పుడు గొంతు సవరించుకున్నాడు. "చూశావా వదినా. ఆ విననిదొక్కటే నీ పొలాన్ని నిలబెట్టింది."

"నీ తేనె త్రాసు కూడా ఈ పూట నిజం చెప్పింది కదా న్యే. ఒంట్లో బాగుందా?" అంది సువా. అప్పుడు నవ్వారు.

ఖ్వెన్ ఫారం మోకాలి మీద పెట్టుకుని నింపింది. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి, ఆవాలు. తెల్ల గింజ దగ్గర కలం ఆగింది. నిషేధించిన రకానికి ఫారంలో గడి లేదు. కొంచెం ఆలోచించి, ఇతరములు అని రాసి, నాలుగు వందల గ్రాములని వేసింది. ఏ ఫారానికైనా ప్రాణం ఆ గడిలోనే ఉంటుంది. తర్వాత అంత ముఖ్యం కాని విషయం అడిగినట్టు, ఆ తెల్లవి ఒక గుప్పెడు ఇస్తావా అని అడిగింది. లోయలో వాళ్ళమ్మ కూడా కొత్త పిండిని వంక పెట్టేదట. సువా రెండు గుప్పిళ్ళు పోసింది. తూకం అయిపోయాక ఇచ్చింది గనక లెక్క చెడలేదు.

జాబితా రెండు పేర్లతో జిల్లాకి వెళ్ళింది, కాలం చేసినవాడిదీ ఫ్యాక్టరీకి పోయినవాడిదీ. ఆ కాగితం మీద సిన్ సంతకం పడే ముందు సువా అతన్ని ఒక్కటే అడిగింది, ఇప్పుడు తన పొలం ఎన్ని కిలోలని.

"మూడుంపావు వదినా. చాలుగా."

ఆమె గంప కోసం ఇంటికి నడిచింది. పొద్దు ఇంకా ఉంది, వానలకి ఇంకా రెండు నెలలుంది. నేను కొండ దిగుతుంటే గంప వీపునేసుకుని ఎదురొచ్చింది. తన పొలం పై అంచు దాటి, ఇదివరకు ఎవరూ మట్టి పోయని నల్లరాళ్ళ వైపు ఎక్కుతోంది. దారివ్వమని చెయ్యి ఊపింది. నేను రాతి పక్కకి ఒదిగాను.