అమ్మ నాకు వదిలిన మూడు గళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో తెలుగు చదువు మధ్యాహ్నం పూట, బియ్యం ఏరడానికీ దీపాల వేళకీ మధ్యన జరిగేది. బడిలో కన్నడ, ఇంగ్లీషు మాత్రమే చెప్పేవారు. బెంగళూరులో మడివాళ సంత వెనక వరుసగా కట్టిన చిన్న ఇళ్ళలో మాదొకటి. ఆ వరుసలో ఒక్కో గుమ్మంలో ఒక్కో భాష వినిపించేది. నాకు తెలుగు రాయడం నేర్పింది అమ్మ. పలక మీద కాదు, పేపర్లో రోజూ ఒక మూలన వచ్చే చిన్న గళ్ళ నుడికట్టులో నేర్పింది. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. గడి దాటి ఒత్తు బయటికొస్తే, పక్కింటివాళ్ళ పెరట్లోకి కాలు పెట్టావంటూ నవ్వేది.

మా ఆటకు అమ్మ పెట్టిన పద్ధతి ఒకటుండేది. నిలువు మాటలు నావి, అడ్డం మాటలు అమ్మవి. ముందు నేను నాకు తెలిసినంత నింపి ఇవ్వాలి. తెలియకపోతే ఖాళీగా ఉంచాలి కానీ తోచిందేదో రాసెయ్యకూడదు. తప్పు అక్షరం ఒకటి పడితే దాన్ని దాటుకుని వెళ్ళే మాట కూడా పాడవుతుందని చెప్పేది. ఆ తర్వాత అమ్మ పెన్సిలు తీసుకుని అడ్డం మాటలన్నీ చకచకా రాసి, తెలిసినా సరే ఒక్క మాట మాత్రం వదిలేసేది. చివరి మాట ఎప్పుడూ నాది. అది నాకు తట్టేదాకా వంటింట్లోంచి సూచనలు అందిస్తూనే ఉండేది.

నాన్నది హొసకోటె. వాళ్ళ తాతల నాటి నుంచీ అక్కడే. అమ్మ నెల్లూరు వైపు నుంచి వచ్చింది. నాన్నను కూడా ఆటలోకి లాగాలని అమ్మ చూసేది. ఆయన చేతులు కడుక్కుంటూ, “మీ అమ్మ తెలుగు పేపర్లో ఉండాది, నా తెలుగు నోట్లో ఉండాది. రెండిటికీ పడదు” అనేవాడు.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా అమ్మను ఆసుపత్రిలో చేర్చారు. వచ్చే వారం వచ్చేస్తుందని నాన్న చెప్పాడు. ఆ వారం గడిచాక కూడా అదే మాట చెప్పాడు. నేను ఎవర్నీ గట్టిగా ఏదీ అడగగలిగే పిల్లను కాదు. బడిలో నీళ్ళు తాగి వస్తానని అడగడానికే చెమటలు పట్టేవి. వార్డులోకి పిల్లల్ని రానివ్వరని చెబితే తల ఊపి ఊరుకున్నాను.

మా పక్కింటి అక్క ఆ ఆసుపత్రిలోనే నర్సు. ఒంగోలు దగ్గర్నుంచి వచ్చి, తనలాంటి మరో ఇద్దరితో ఆ ఇల్లు అద్దెకు తీసుకుని ఉండేది. ఆదివారం తెల్లచీర కట్టుకుని, చేతిలో బైబిలుతో మా గుమ్మం ముందునుంచి వెళ్తూ నా బుగ్గ తట్టి వెళ్ళేది. అమ్మ లేని ఇంట్లో పేపరు మడతపెట్టుకుని కూర్చున్న నన్ను చూసి, ఆవిడే ఒక ఉపాయం కనిపెట్టింది. నేను నిలువు మాటలు నింపి ఆ ముక్క కత్తిరించి ఇస్తే తను అన్నం డబ్బాతో పాటు సంచిలో పెట్టుకుని వెళ్తుంది. అమ్మ అడ్డం మాటలు రాసి పంపుతుంది.

ఆ కాగితం ముక్కలే మా అమ్మా కూతుళ్ళ మాటలు. సాయంత్రం అక్క చెప్పుల చప్పుడు వినగానే గుమ్మంలోకి పరుగెత్తేదాన్ని. అమ్మ అక్షరాలు ముందు ఎప్పటిలాగే గుండ్రంగా ఉండేవి. తర్వాత కొంచెం వాలాయి. ఆ తర్వాత గడి గీతలమీదికి ఎక్కాయి. పక్కింటివాళ్ళ పెరట్లోకి కాలు పెట్టావమ్మా అని నవ్వాలనిపించేది కానీ నవ్వడానికి ఎదురుగా అమ్మ ఉండేది కాదు. అయినా రోజూ ఒక మాట ఖాళీగా ఉండేది. ఆ ఖాళీ చూసుకుని, అమ్మ బాగానే ఉంది, నన్ను తలుచుకుంటూనే ఉంది అనుకునేదాన్ని.

ఒకరోజు కాగితం నిండుగా వచ్చింది. ఒక్క గడి కూడా మిగల్లేదు. అక్షరాలు కొంచెం వాలి, కొంచెం వణికి, అమ్మవిలాగే ఉన్నాయి. కానీ నాకు మిగిల్చిన మాట లేదు. నేను దాన్ని వెనక్కి తిప్పి చూశాను, మళ్ళీ ముందుకు తిప్పి చూశాను. అక్క చెప్పులు విడుస్తూ, “అన్నీ కరెక్టేనా?” అని అడిగింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. అందుకే ఆ కాగితాన్ని తిరిగి అక్క చేతిలోనే పెట్టాను.

“ఇవి అమ్మ రాయలేదు కదక్కా” అన్నాను. అంత పెద్ద మాట నా నోట అప్పటిదాకా రాలేదు.

అక్క బుకాయిస్తుందనుకున్నాను. పెద్దవాళ్ళందరూ అదే చేస్తున్నారు. కానీ ఆవిడ డ్యూటీ చీర నలిగిపోతుందని కూడా చూడకుండా మా గుమ్మం కింద నేలమీద చతికిలబడింది. నేను మెట్టుమీద ఉన్నాను కాబట్టి ఆవిడ ముఖం నా ముఖం కంటే కిందకి వచ్చింది. నా పెన్సిలు డబ్బాలోంచి రబ్బరు తీసుకుని, ఆ అడ్డం మాటలు ఒక్కొక్కటే చెరపడం మొదలుపెట్టింది. నా నిలువు మాటల్లోని అక్షరాలకు రబ్బరు తగలకుండా మెల్లగా చెరిపింది.

“ఇవి నావి. అమ్మవి కావు. నాకు ఇందులో ఒక్క ముక్క రాదురా, వార్డులో చూడ్డానికొచ్చిన వాళ్ళందర్నీ అడిగి రాశా. మీ అమ్మ నిన్నట్నుంచి పెన్సిలు పట్టుకోలేకపోతోంది.”

“వచ్చే వారం వస్తుందన్నారు.”

“రాదమ్మా” అంది అక్క. ఆ ఒక్క మాట అని, నా ముఖం మీంచి చూపు తిప్పుకోకుండా కూర్చుంది. నేను ఏడ్చానో లేదో గుర్తులేదు. రబ్బరు పొడి ఆవిడ ఒళ్ళో పడి ఉండటం మాత్రం బాగా గుర్తుంది.

నాన్న వచ్చాక ఆయనకూ అక్కకూ మధ్య పెద్ద వాదనే జరిగింది. పిల్లను తీసుకెళ్ళి చూపిస్తానని ఆవిడ, వద్దని ఆయన. నేను తలుపు వెనక నిలబడి విన్నాను. “చిన్నబిడ్డ, భయపడతాదమ్మా” అన్నాడు నాన్న. “తెలీకుండా ఉంటే ఇంకా భయపడుద్ది అన్నా. రోజూ గుమ్మంలో కూర్చుని ఎదురుచూసేది మీకు కనబడట్లేదు, నాకు కనబడుతోంది” అంది అక్క. నాన్న గోడకు ఆనుకున్నాడు. చివరికి తువ్వాలుతో ముఖం తుడుచుకుని, సరేనన్నట్టు చెయ్యి ఊపాడు.

మర్నాడు కొత్త పేపర్లోని గళ్ళు కత్తిరించి, నా వంతు నింపి, పెన్సిలు కూడా పట్టుకుని వెళ్ళాను. అక్క ఎవర్ని బతిమాలుకుందో, నన్ను వార్డులోకి తీసుకెళ్ళి మంచం పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, తను తలుపు దగ్గర నిలబడింది. అమ్మ ఎంత చిన్నగా అయిపోయిందంటే, దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. కళ్ళు తెరిచి నన్ను చూసి, “తిన్నావా?” అని అడిగింది.

నేను ఆధారాలు ఒక్కొక్కటే చదివాను. కొన్నిటికి అమ్మ పెదవులు కదిలేవి. నేను చెవి దగ్గర పెట్టి విని రాసుకునేదాన్ని. కొన్నిటికి కళ్ళు మూసుకునేది. అప్పుడు దాన్ని వదిలేసి తర్వాతది చదివేదాన్ని. అలా చివరిదాకా వచ్చి, మొదట్లో వదిలేసినవి మళ్ళీ చదివి, అన్నీ అయ్యాక ఒకటి మిగిలింది. కుండ దొర్లిపోకుండా కింద పెట్టేది. మూడు గళ్ళు. నడిమి గడిలో నా నిలువు మాట వల్ల ‘దు’ అన్న అక్షరం ముందే పడి ఉంది. అమ్మ ముఖంలో పాత నవ్వు ఒక్క క్షణం మెరిసింది. ఆవిడకు తెలుసు. తెలిసే, “అది నీకు” అంది.

అప్పుడు అడిగాను, ఇంటికి రావా అని. అమ్మ తలుపు వైపు చూసింది. అక్క అక్కడే, తల దించుకోకుండా నిలబడి ఉంది. “రాలేను తల్లీ” అంది అమ్మ.

ఆ మాట విన్నాక నాకు అడగాల్సినవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. నొప్పిగా ఉందా అని అడిగాను. ఇప్పుడు లేదంది. నా జడ ఎవరు వేస్తారని అడిగాను. “అక్క వేస్తుంది. వదులుగా వేస్తే చెప్పు, ఊరుకోకు. నీకు ఊరుకోవడం అలవాటు” అంది. నాన్నకు చారులో ఇంగువ పడదని, చలికాలం నా స్వెట్టరు ఇనప్పెట్టె అడుగున ఉందని చెప్పింది. మధ్యమధ్య ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ చెప్పింది. వచ్చే వారం వస్తాననే అబద్ధం మా మధ్య ఉండి ఉంటే ఈ మాటల్లో ఒక్కటీ బయటికి వచ్చేది కాదు. నేను కాగితం అమ్మ అరచేతిలో పెట్టి వచ్చేశాను. దుప్పట్లు మార్చేటప్పుడు ఎక్కడ పోయిందో, మళ్ళీ దొరకలేదు.

ఆ వారం దాటకుండానే అమ్మ పోయింది. ఇంటికి వచ్చిన బంధువులు నన్ను దగ్గరకు తీసుకుని, అమ్మ ఊరికి వెళ్ళిందని, మందులు వాడి వస్తుందని తలా ఒక మాట చెప్పారు. వాళ్ళమీద జాలేసింది. నాకు తెలుసని వాళ్ళకు తెలియదు. అక్క మాత్రం ఏమీ చెప్పకుండా నా వెనక కూర్చుని జడ వేసింది. వదులుగా ఉంది. చెప్పాను. విప్పి మళ్ళీ గట్టిగా వేసింది.

అమ్మతో నింపిన ఆ గళ్ళ జవాబులు మర్నాటి పేపర్లో వచ్చే ఉంటాయి. నేను చూడలేదు. ఎవర్నీ అడగలేదు కూడా. ప్లాస్టిక్కు బిందెల ఇంట్లో పెరిగినదాన్ని, ఆ మిగిలిన మాట నాకు దానంతటదే తెలిసే దారి లేదు. తర్వాత కొన్నేళ్ళకు అక్క పెళ్ళి చేసుకుని బెంగళూరు వదిలి వెళ్ళింది. నేను చదువు ముగించి, ఉద్యోగంలో చేరాక, ఒక ఎండాకాలం మడివాళ సంతలో ఒక ముసలమ్మ దగ్గర మట్టికుండ బేరం చేశాను. ఆనేకల్ నుంచి తెచ్చిందట. డబ్బులిచ్చి కుండ ఎత్తుకోబోతుంటే ఆవిడ, “కుదురు వద్దామ్మా? ఒట్టి నేలమీద పెడితే దొర్లిపోతాది” అంటూ గడ్డితో చుట్టిన ఒక చుట్ట చేతిలో పెట్టింది.

కు, దు, రు. ఆ జనంలో, ఆ ఎండలో నిలబడి, చిన్నపిల్లలాగా వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాను. కళ్ళ నీళ్ళు చూసి ముసలమ్మ కంగారుపడి, ఊరికే తీసుకోమంది.

ఇంటికొచ్చి కుండను దాని మీద కూర్చోబెట్టాను. కదలకుండా నిలబడింది. అప్పుడు నాకు మా గుమ్మం కింద నేలమీద, రబ్బరు పొడి ఒళ్ళో వేసుకుని, నా ముఖం కంటే కిందకి దిగి కూర్చున్న అక్క కనిపించింది.

నేను ఇప్పటికీ మాట్లాడటం రాని మనిషినే. అయినా ఎవరికైనా, ముఖ్యంగా ఒక పిల్లకో పిల్లాడికో, కష్టమైన నిజం చెప్పాల్సి వస్తే మాటల కోసం వెతుక్కోను. ముందు వాళ్ళకంటే కిందగా, నేలమీద కూర్చుంటాను.