మెర్ల్ తిట్టిన తుపాకీ

మెర్ల్ టిబెట్స్‌కి ఉన్న రోగం ఒక్కటే. వేలానికొచ్చిన ప్రతి పాత పంపు తుపాకీనీ చేతిలోకి తీసుకుని, గొట్టం కింద జారే ముందుచెక్కని ఛక్‌ఛక్‌మని వెనక్కీ ముందుకీ లాగి, కళ్లు మూసుకుని విని, పదిమందిలో దాని పరువు తీసేవాడు.

"దగ్గుతోంది" అనేవాడు ఒకదాన్ని. "కీళ్లవాతం" అనేవాడు ఇంకోదాన్ని. చవగ్గా కొట్టేయడానికే ఈ వేషాలని అమెరికాలోని డకోటాలో ఆ చుట్టుపక్కల అందరూ అనుకునేవారు. చిత్రమేమిటంటే నలభై ఏళ్లుగా ఆయన ఇంట్లో ఉన్నది ఒకటే తుపాకీ. దాన్నీ తిట్టేవాడు.

జోలీన్‌కి ఆ మనిషంటేనే ఒళ్లుమంట. తండ్రి ఆర్విడ్ పోయాక, అన్నలు పంచుకోవడం తెమలక సామానంతా వేలానికి పెట్టారు. ఆమెకి కావలసింది తండ్రి అడవికోళ్ల వేటకి పట్టుకెళ్లే పంపు తుపాకీ ఒక్కటే. తీరా చూస్తే, పట్నం వ్యాపారి ఒకడు దానిమీద భూతద్దం పెట్టుకుని కూర్చున్నాడు. వాడితో పోటీపడి పాడటం ఆమె వల్ల అయ్యే పని కాదు.

అప్పుడే మెర్ల్ దిగాడు. ఛక్‌ఛక్. కళ్లు మూసుకున్నాడు. ఈసారి చాలాసేపు తెరవలేదు.

"ఎలా ఉంది పెద్దాయనా?" అన్నాడు వ్యాపారి.

"దీనికంటే దొడ్డి తలుపు గడియ నయం. చెక్క ఎక్కడో విరిగితే అతికించారు. గొట్టం వంకర. ఆర్విడ్ దీంతో కోడికి గురిపెడితే పక్కవాడి ఆవు పడింది."

జనం గొల్లుమన్నారు.

"నోరు ముయ్యండి మెర్ల్. పోయిన మనిషి తుపాకీ అది" అంది జోలీన్.

"మనిషి బంగారమే అమ్మాయ్. తుపాకీయే దరిద్రం."

మరో ఆరేడు తిట్లయ్యేసరికి వ్యాపారి భూతద్దం జేబులో వేసుకుని పింగాణీ పళ్లేల వైపు నడిచాడు. తుపాకీ జోలీన్‌కే దక్కింది.

ఇంటికెళ్లి లాగి చూసింది. వెన్నలో కత్తిలా జారింది. చెక్కలో అతుకన్నది లేదు. తెల్లారగానే అమీతుమీ తేల్చుకుందామని మెర్ల్ ఇంటికి వెళ్లింది. తలుపు తీసిన ఆయన భార్య వర్నా అతుకు సంగతి విని నవ్వింది.

"అతుకెక్కడ ఉంటుంది జోలీన్? దాన్ని తనకి అమ్మమని ఈయన ముప్ఫై ఏళ్లు మీ నాన్న కాళ్లావేళ్లా పడ్డాడు. మంచి తుపాకీకి ఒక తిట్టు. అపురూపమైతే పది. అది నీకే దక్కాలని ఆ వ్యాపారిని తరిమి, తను మాత్రం పాట పాడలేదు. నిన్న రాత్రి భోజనం కూడా సరిగ్గా చెయ్యలేదు."

కోపం ఎటు పోయిందో జోలీన్‌కే తెలియలేదు. లోపలికెళ్లింది.

"మెర్ల్, సీజన్ తొలిరోజు వేటకి నాన్న తుపాకీ మీరు తీసుకెళ్లండి. ప్రతి ఏడూ."

"ఆ గడియనా? ఆ ఇనప కర్రనా? ఆ తుప్పు ముద్దనా?" అంటూ మెర్ల్ ఎత్తుకున్నాడు. జోలీన్ నవ్వు ఆపుకుంటూ వేళ్లమీద లెక్కపెట్టింది. పదో తిట్టు దగ్గర ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

"ఎన్నింటికి తెస్తావ్?"