మందు లేని సూదితో తెరుచుకున్న చెయ్యి

మా ఆయన ముఖం కడుక్కుంటూ తన వేలితో తన కంట్లోనే పొడుచుకున్న రోజు నేను నవ్వాను. "ఏందయ్యా, నీ వేలు నీకే ఎదురు తిరిగిందా?" అన్నాను. ఆయన నవ్వలేదు. కుడి అరచెయ్యి చాపి చూపించాడు. ఉంగరం వేలు, చిటికెన వేలు లోపలికి వంగి ఉన్నాయి. నొక్కి చూస్తే చర్మం కింద తాడులాంటిదేదో గట్టిగా తగిలింది. నాకు భయమేసింది.

"నొప్పి ఉందా?"

"లేదు. గందుకే ఎవలకు చెప్పలే."

మాది సిరిసిల్ల దగ్గర పల్లె. సూరత్ వచ్చి సగం జీవితం అయిపోయింది. సూరత్ పక్కన పల్సానాలో ఆయన సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడుపుతాడు. పోగు తెగితే బిగువుగా ఉన్న పడుగులోకి, ఆ నిలువు పోగుల మధ్యకి, చెయ్యి దూర్చి ముడి వెయ్యాలి. వంగిన వేలు పక్క పోగులకు తగిలి, ఒకటి అతికేలోపు ఇంకో నాలుగు తెగుతున్నాయట. సేఠ్ కోప్పడలేదు గానీ, చెయ్యి ఇలాగే ఉంటే సాంచా వదిలి దారం కండెలు చుట్టే చిన్న పనికి పొమ్మన్నాడు. ఆ మాట చెబుతూ మా ఆయన కన్నీళ్లు పెట్టుకున్నాడు. పెళ్లయిన కొత్తలో సాంచాల మధ్య ఆయన చేతివేగం చూసే నేను మురిసిపోయాను. అలా ఏడుస్తుంటే చూడలేకపోయాను.

దగ్గర్లోని డాక్టరు నరం పట్టేసిందని రాసుకునే మందు ఇచ్చాడు. దాంతో ఏమీ కాలేదు. అప్పుడు మా ఆయన తన తెలివి వాడాడు. సాంచా మీద పడుగు బిగువు తగ్గితే వెనకాల బరువు వేలాడదీస్తారు. ఈయన కూడా వేలికి గుడ్డ చుట్టి, తాడు కట్టి, ఒక ఇనుప ముక్క వేలాడదీసుకుని కూర్చున్నాడు. "పడుగునే సాపు జేస్తం, వేలెంత?" అన్నాడు. తెల్లారేసరికి చెయ్యి బూరెలా ఉబ్బింది.

మా బిడ్డ ఇక్కడే పుట్టి పెరిగింది. బాపును చూసి కేకలేసింది. "బాపూ, నువ్వు మషీన్ అనుకుంటున్నవా? చలో, హ్యాండ్ సర్జన్ దగ్గరికి!" అని సిటీకి తీసుకుపోయింది.

డాక్టరమ్మ గుజరాతీ. "కాకా, చెయ్యి టేబుల్ మీద బోర్లా పెట్టండి" అంది. ఎంత నొక్కినా అరచెయ్యి ఆనలేదు. "డుపుయ్‌ట్రెన్స్ కాంట్రాక్చర్. ఇది నరం కాదు, టెండన్ కాదు. చర్మం కింది పొర గట్టిపడి తాడులా అయింది. లాగితే సాగదు." టెస్టుల్లో షుగర్ కూడా బయటపడింది. ముందు దాన్ని అదుపులోకి తెచ్చుకోమంది.

పెద్ద కోత లేకుండా రెండు దారులున్నాయని చెప్పింది. ఒకటి కొలాజినేజ్ ఇంజెక్షన్. మందు ఆ తాడును మెత్తబరుస్తుంది, తర్వాత మళ్లీ వస్తే వేలు చాపుతారు. వాపు, కమిలిన మచ్చలు ఎక్కువ. పైగా ఆ మందు మన దగ్గర సులువుగా దొరకదు. రెండోది నీడిల్ అపోన్యూరోటమీ. చెయ్యి మొద్దుబార్చి, సూది మొనతో తాడును అక్కడక్కడా తెంపి, అదే రోజు ఇంటికి పంపుతారు. "ఏది చేసినా మళ్లీ వంగొచ్చు. నీడిల్‌తో ఇంకాస్త తొందరగా వంగొచ్చు. కానీ మళ్లీ చేసుకోవచ్చు" అంది.

మా ఆయనకు నమ్మకం కుదరలేదు. "మందు లేని సూది ఏం సూది? మందున్న ఇంజెక్షనే మంచిది గదా" అని నా చెవిలో గొణిగాడు. మా బిడ్డ ఆ మాట చెప్పేసరికి డాక్టరమ్మ పడిపడి నవ్వింది. ఆ మందు దొరకడం కష్టం, దీంతో అదే రోజు ఇంటికి పోవచ్చు గనక చివరికి నీడిల్‌కే ఒప్పుకున్నాడు.

షుగర్ అదుపులోకి వచ్చాక చేశారు, నన్ను పక్కనే కూర్చోనిచ్చారు. "వేలికి షాక్ కొట్టినట్టు అనిపిస్తే వెంటనే చెప్పండి, అక్కడ నర్వ్ ఉంటుంది" అని మాటిమాటికీ చెబుతూ డాక్టరమ్మ సూది ఆడించింది. తర్వాత వేలు పట్టి మెల్లగా చాపింది. లోపలి తాడు తెగి టప్‌మని చప్పుడైంది. జీవితమంతా తెగిన పోగు చూసి విసుక్కున్న మనిషి, ఒకటి తెగినందుకు మొదటిసారి నవ్వాడు.

అంతటితో అయిపోలేదు. అరచేతిలో చర్మం కొంచెం చీలింది, మానేదాకా నేనే అన్నం కలిపి పెట్టాను. పడుకునేటప్పుడు వేళ్లు వంగకుండా పట్టే స్ప్లింట్ కట్టుకోమంటే చిన్నపిల్లాడిలా మారాం చేశాడు. ఫిజియోథెరపీ చేసినా చిటికెన వేలి నడిమి కీలు పూర్తిగా తిన్నగా కాలేదు. అది బాగా బిగుసుకుపోయిందని, ముందే వచ్చి ఉంటే బాగుండేదని డాక్టరమ్మ అంది. ఆ మాటకు ఇద్దరమూ తల వంచుకున్నాం.

అయినా ఆయన మళ్లీ సాంచా మీదే ఉన్నాడు. చెయ్యి పోగుల మధ్య దూరుతోంది.

మీకూ అరచేతిలో గట్టిగా ఏదైనా తగిలితే చెయ్యి టేబుల్ మీద బోర్లా పెట్టి చూడండి. ఆనకపోతే నొప్పి లేదని ఊరుకోకండి. మీరే లాగకండి, హ్యాండ్ సర్జన్‌ను కలవండి.

మా గదిలో టేబుల్ లేదు. ఆయన పొద్దున ముఖం కడుక్కుని గోడకు చెయ్యి ఆనించి చూసుకుంటాడు. తర్వాత ఆ తడి చెయ్యే తెచ్చి నా చెంపకు ఆనిస్తాడు. "మొత్తం ఆనిందా?" అని అడుగుతాడు.

"చిటికెన వేలు ఆనలే" అంటాను. చెయ్యి మాత్రం తియ్యనివ్వను.