గొంతు లేవని లాయరు

పక్క చేనువాళ్లు గట్టు జరిపేశారని మా చిన్నాన్నకు అనుమానం. ఇద్దరం చీపురుపల్లిలో ఒక లాయరు దగ్గరికి వెళ్లాం. ఆయన కాగితాలు చూసి, "కేసెందుకండీ, ముందు సర్వేయరుతో కొలిపించుకోండి" అని మెల్లగా చెప్పి పంపేశారు.

"గొంతే లెగదు, ఈయనేటి లాయరురా?" అన్నాడు చిన్నాన్న మెట్లు దిగుతూనే. డిగ్రీ చదివిన నేనూ తలూపాను. అదే వీధిలో బాగా అరిచే లాయర్ని వెతికి పట్టుకున్నాం. ఆయన ఆరేళ్లు అరిచారు.

చివరికి చేను కొలిచి రమ్మని కోర్టు వేరే లాయర్ని కమిషనరుగా పంపింది. సర్వేయర్ని వెంటబెట్టుకుని దిగింది ఎవరనుకున్నారు? ఆ మొదటాయనే! కొలిస్తే గట్టు ఉండాల్సిన చోటే ఉంది.

చిన్నాన్న ఆయన మీదే విరుచుకుపడ్డాడు: "ఆ రోజే గట్టిగా కేకలేసి సెప్పుంటే ఇనేవోళ్లం కదా బాబూ!"